ఊపిరి కుట్టు

ఆవగింజంత చిల్లు. గూడుబండి పైకప్పులో పాత కుట్టు ఒకటి వదులై పడింది. అందులోంచి ఎండ దారపుపోగులా దిగి, లోపల గొంగడి మీద పడుకున్న పద్నాలుగేళ్ల పిల్ల కాలి చిటికెనవేలి మీద నిలిచింది. పిల్ల కాలు వెనక్కి లాక్కునేలోపే వేలు తెల్లబడి, బిగుసుకుపోయి, ఉప్పుగల్లు అయింది.

“నొప్పి లేదన్నయ్యా. అందుకే భయమేస్తోంది” అంది పిల్ల.

ఈ కథలోకి ఇప్పుడే అడుగుపెట్టిన వారి కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. బండి ఆగదు, నేనూ ఆగలేను. ఆ పిల్ల పింగళగిరి రాజపుత్రి కువలయ. ఒంటికి మసి పూసుకొని, ఎద్దుల పగ్గాలు పట్టుకొని, ఈరడు అనే కూలివాడి వేషంలో ఉన్నవాడు ఆమె అన్న శరభసేనుడు. వాళ్ల తల్లి మహారాణిని చంపి గద్దె ఎక్కిన మాంత్రికుడు ధూమ్రజిహ్వుడు ఈ పిల్లకు శాపం పెట్టాడు. ఎండ తాకిన చోటల్లా ఒళ్లు ఉప్పయిపోతుంది. పింగళగిరిలో పట్టం ఆడబిడ్డకే కడతారు కాబట్టి, ఈ పిల్ల నిలువెల్లా ఉప్పయిన నాడు మాంత్రికుడికి ఇక ఎదురులేదు. విరుగుడు ఒక్కటే, నల్లదోన నీళ్లలో స్నానం. ఆ దోన ఇంకా మూడు రోజుల దారి.

రాత్రిపూట పోరాదా అని మీరు అడుగుతారు. శరభసేనుడు కూడా అడిగాడు. దారి పొడవునా క్షారకాంతారం, బిడారు జనం తెల్లబయలు అని పిలిచే ఉప్పునేల. పొద్దు కుంకి మంచు పడితే ఆ నేల జావ అవుతుంది, చక్రాలు ఇరుసుదాకా దిగిపోతాయి. పగటి ఎండకు గట్టిపడితేనే బండి నడుస్తుంది. పిల్లను చంపే ఎండే పిల్లకు దారి వెయ్యాలి. అడకత్తెరలో పోకచెక్క బతుకంటే అదే.

ఆ తెల్లబయలు వర్ణన అడక్కండి, అడిగితే చెబుతాను. నాలుగు దిక్కులా పాలు విరిగి ఎండిపోయినట్టు పొక్కులు పొక్కులుగా నేల. చెట్టు లేదు, చేమ లేదు, నీడ అన్నదే లేదు. దారి పక్కన వెనకటి బిడార్ల ఎద్దులు ఎక్కడ పడ్డవి అక్కడే, కొమ్ములతో సహా ఉప్పు పట్టి నిలబడి ఉన్నాయి, కళ్లు మాత్రం లేవు. గాలి వీచినప్పుడల్లా పెదవులు చిట్లుతాయి. అలాంటి బయలులో నలభై గూడుబండ్లు ఒకదాని వెనక ఒకటి తూర్పుగా సాగిపోతున్నాయి. వాటిలో అన్నిటికంటే పాతది సుంకులవ్వ బండి.

సుంకులవ్వ ఆ బిడారులో తోలుపని పెద్ద. డెబ్బై ఏళ్ల మనిషి. కుంచెడు ఎముకలు, వాటి మీద ఇంత చర్మం. కాని చేతులు చూడాలి. ఆముదం, గుగ్గిలం, మసి మరిగించిన లేపనం అరవై ఏళ్లుగా ఇంకి, రెండు చేతులూ మోచేతుల దాకా నల్లగా నిగనిగలాడుతూ ఉంటాయి. కుడి బొటనవేలికి, తోలుకు బెజ్జాలు పొడిచే ఆర దిగిన మచ్చ. ఆ బిడారులో ఆమె చేత్తో కుట్టని బండి లేదు. ఆమె బండి గూడు మాత్రం ఆమె ముత్తవ్వ నాటిది. పదకొండు పొరల తోలు. ఒక పొర అరిగితే దాన్ని పీకరు, దాని మీదే ఇంకో తోలు పరిచి కుడతారు. అడుగుపొర ఎవరి పెళ్లినాటిదో, పైపొర ఎవరి కాన్పునాటిదో అవ్వ వేలుపెట్టి చెబుతుంది. అన్ని పొరలున్నా ఏం లాభం, ఉప్పుగాలికి తోలు పెళుసెక్కి, కుట్లు కొరుక్కుపోయి, ఎక్కడ నొక్కితే అక్కడ పెచ్చులు లేస్తున్నాయి.

పిల్లకు అమ్మవారు పోసిందని, ఎవరూ బండి దగ్గరికి రాకూడదని అవ్వ బిడారంతటికీ చెప్పింది. అసలు సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు. మొదటిరోజున శరభసేనుడు బంగారు కడియం తీసి ఇవ్వబోతే, “నా గూడు కింద పండుకున్నది నా బిడ్డే. బిడ్డకు కూలి తీసుకుంటారా” అని కసిరింది.

చిటికెనవేలు పోయిన ఆ మధ్యాహ్నం అవ్వే పగ్గాలు అందుకుంది. “ఎక్కు అబ్బీ, పైకెక్కు. బండి ఆపితే అందరూ వచ్చి ఏందని అడుగుతారు. నడుస్తా ఉండంగానే కుట్టల్ల.”

నడిచే బండి కప్పు మీద బోర్లా పడుకొని కుట్టడమంటే మాటలు కాదు. రాచబిడ్డకు కత్తి తిప్పడం వచ్చు, ఏనుగు ఎక్కడం వచ్చు, దబ్బనంలో నార ఎక్కించడం రాదు. మైనం పట్టించిన నార మూడుసార్లు చేజారింది. నాలుగోసారికి వేలు గుచ్చుకుంది. కింది నుంచి అవ్వ తిడుతూనే ఉంది. “ముందు ఆరతో బెజ్జం పొడువు. తర్వాత దబ్బనం. లాగి బిగించు. బిగించమంటే మీ అత్తగారి జడ మాదిరి నిమురుతావేంది.”

ఒక చిల్లు మూశాడు. రెండోది మూశాడు. మూడో చిల్లు మీద లేపనం రాస్తుండగా ఆకాశంలో పడమటివైపు బూడిదరంగు మచ్చ ఒకటి కనబడింది. చూస్తుండగానే చేటంత అయింది, కల్లమంత అయింది.

ఉప్పుకాకులు. ధూమ్రజిహ్వుడి పెంపుడు పక్షులు. ఒళ్లంతా తెలుపు, ముక్కు ఇనుపగోరు. వాటికి ఆముదం వాసనంటే ప్రాణం. కొత్తగా లేపనం రాసిన కుట్లు ఎక్కడుంటే అక్కడ వాలతాయి.

బిడారంతా కేకలు. ఎద్దులు బెదిరి పరుగందుకున్నాయి. వందల కాకులు సుంకులవ్వ బండి మీద వాలి తోలు పీకడం మొదలుపెట్టాయి. శరభసేనుడి కత్తి కాడిమాను బోలులో దాచి ఉంది. దాన్ని దూస్తే కూలివాడి వేషం అక్కడికక్కడే ఊడిపోతుంది. ములుగర్రతో కొట్టాడు. ఆరతో పొడిచాడు. ఒకదాన్ని కాలు పట్టి విసిరికొడితే చక్రం కింద పడి ఉప్పుపొడి అయింది. పది పోతే ఇరవై వచ్చాయి. పర్రుమని చప్పుడైంది. పైకప్పు నడిమధ్యన పదకొండు పొరలూ ఒక్కసారిగా చీలి, చాటంత కన్నం పడింది. లోపల కువలయ అరిచిన అరుపు అతని చెవిన పడింది.

ఆలోచించడానికి ఏముంది? ఆ కన్నం మీద తానే బోర్లా పడ్డాడు. ఒళ్లే అతుకయింది. వీపు మీద కాకులు వాలాయి. ఇనుపముక్కులు చొక్కా చించాయి, కండ చించాయి. పళ్లు బిగబట్టి, కాళ్లూ చేతులూ చాపి, ఒక్క ఎండపొడ కూడా లోపలికి దిగకుండా కప్పును కరుచుకొని పడుకున్నాడు. కింద అవ్వ పగ్గాలు వదిలేసి, ముందు వాకిలి దుప్పట్ల సందున లోపలికి దూరి, పిల్లను గొంగళ్లలో చుట్టి మీద పడుకుంది. ఆమె లోపలికి పోవడం వెనక బండి వాళ్లంతా చూశారు. తిరిగి బయటికి రావడం ఎవరూ చూడలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

కాకులు ఎంతసేపు ఉన్నాయో గాని, ముందు బండ్లలో ఎవరో ఆముదం కుండ బద్దలుకొట్టి దూరంగా విసిరేసరికి గుంపంతా అటు మళ్లింది. బతుకుజీవుడా అనుకుంటూ శరభసేనుడు తల ఎత్తాడు. కదిలితే కన్నం తెరుచుకుంటుంది. అవ్వ దగ్గరున్న తోళ్లన్నీ అయిపోయాయి.

“అవ్వా, నా మూటలో జీనుతోలు ఉంది. అందించు” అన్నాడు కన్నంలోకి గుసగుసగా.

అది మహారాణి పట్టపుగుర్రం మీద పరిచే తోలు. మెత్తని దున్నతోలు, మనిషిని చుట్టేంత పెద్దది. బొచ్చువైపు నిండా పింగళగిరి రాజముద్ర, రెక్కల సింహం, అచ్చొత్తి ఉంది. తల్లి గుర్తుగా మిగిలినది అదొక్కటే. అవ్వ దాన్ని దోపుడుకర్రతో కన్నంలోంచి పైకి తోసింది. అతను దాన్ని తన ఒంటి కిందుగా జరుపుకుంటూ పరిచాడు. రాజముద్ర పైకి కనబడితే కొంప మునుగుతుంది. అందుకని తిరగేసి, ముద్ర లోపలికి, కండవైపు పైకి వచ్చేట్టు వేసి చుట్టూ కుట్టేశాడు. లోపల చీకట్లో పడుకున్న చెల్లెలికి చెయ్యెత్తితే అమ్మ ముద్ర తగులుతుంది, అదీ ఒక ధైర్యం అనుకున్నాడు పాపం.

ఎద్దులు ముందు బండి వెంట వాటంతట అవే నడుస్తుంటే, కిందికి దిగి చుట్టూ చూశాడు. బండి వెనక గోడ తోలులో, సరిగ్గా నడిమధ్యన, అంగుళం మేర కుట్టు వేయకుండా వదిలేసి ఉంది. లోపలి వైపు గోనెపట్టా ఒకటి వేలాడుతూ ఉండేది, దాన్ని కాకులు లాక్కుపోయాయి. పొద్దు పడమటికి వాలింది. బండి తూర్పుకు పోతోంది. ఇంకాస్త ఉంటే ఆ సందులోంచి ఎండ నేరుగా లోపలికి దూరుతుంది. ముసలిది మరిచిపోయినట్టుంది అనుకొని, నాలుగు కుట్లు వేసి బిగించి, పైన లేపనం పూశాడు. ఆ రోజు మొత్తంలో అతను వేసిన కుట్లలో అవే చక్కగా వచ్చాయి.

అయ్యో నాయనా. చక్కగా వచ్చాయి గాని, అతను చేసింది ఏమిటో అతనికి తెలియదు.

గూడుబండ్ల జనంలో పసిపిల్లకు కూడా తెలిసిన సంగతి ఒకటుంది. అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పరు. ఏ బండికైనా వెనకగోడలో ఒక కుట్టు వదిలిపెడతారు. దాని పేరు ఊపిరి కుట్టు. బండి బతికి ఉందనడానికి అదే గుర్తు. లోపల మనిషి పోయినప్పుడే ఆ కుట్టు మూస్తారు. అలాగే బతికున్న బండికి తోలు బొచ్చువైపు పైకి వేస్తారు, చావు బండికి తిరగేసి కండవైపు పైకి వేస్తారు. మన రాజకుమారుడు చెల్లెలిని కాపాడబోయి రెండు గుర్తులూ తన చేత్తోనే పెట్టాడు.

ఆ గుర్తులు మొదట చూసినవాడు అద్దాల గురవాజి. కంచర గాడిద మీద కంచు అద్దాల పెట్టె కట్టుకొని బిడారు వెంట వస్తున్న వర్తకుడు. నవ్వుముఖం, తీయని మాట. వాడి పెట్టె అడుగున ఒక అద్దం ఉంది. అందులో చూసేవాడి ముఖం కనబడదు, ధూమ్రజిహ్వుడు కనబడతాడు. ఇది శరభసేనుడికి తెలియదు, మీకు చెబుతున్నాను. నలభై బండ్లలో పిల్ల ఏ బండిలో ఉందో పట్టడమే వాడి పని. కాని ఒకరి గూడును ఇంకొకరు ఎత్తితే చెయ్యి నరకడం బిడారు కట్టుబాటు. అందుకని అయిదు రోజులుగా సందు కోసం కాచుకొని ఉన్నాడు.

“కెంచనపెద్దా” అని గట్టిగా పిలిచాడు గురవాజి. “సుంకులవ్వ బండికి పైతోలు తిరగబడింది. ఊపిరి కుట్టు మూసేసినారు. పాపం, లోపల ఎవరో పోయినారు.”

బిడారు ఆగిపోయింది. కెంచన బిడారు పెద్ద. ఆరడుగుల మనిషి. చిన్నప్పుడు తల్లి పోతే సుంకులవ్వ పాలకుండ పక్కన పెరిగినవాడు. నడుముకు కట్టుకున్న సంచిలోంచి నల్లదారం తీస్తూ వచ్చాడు. అతని వెనక మగా ఆడా యాభై మంది చేరారు.

“ఏందిరా ఈరా, చావు జరిగితే కబురు చెప్పాల్సిన పని లేదా?” అన్నాడు.

“చావేమిటి పెద్దా, చావేమీ లేదు. ఎండ పడుతోందని కుట్టాను.”

“ఎండ పడతాదని ఊపిరి కుట్టు మూసేటోడు ఈ నేల మీద ఉండాడా?” అంది గుంపులో ఒక ఆడమనిషి. ఆమె గొంతులో వెక్కిరింత లేదు, భయమే ఉంది.

కెంచన ఊపిరి కుట్టు మీద చెయ్యి పెట్టి చూశాడు. “కట్టుబాటు ఏందో విను. పోయినోళ్ల చెయ్యి ఈ కుట్టులో నుంచి ఎండకు చూపల్ల. నేను నల్లదారం కట్టి, పేరు తీసేస్తా. చెయ్యి రాకపోతే గూడు మొత్తం విప్పి ఒళ్లంతా ఎండకు చూపల్ల. చావును దాచుకొని నడిచిన బిడారు తెల్లబయలు దాటింది లేదు. చూపించు.”

చూపితే కువలయ చెయ్యి కళ్లముందే ఉప్పవుతుంది. చూపకపోతే గూడు విప్పుతారు. శరభసేనుడు కత్తి దాచిన కాడిమాను వైపు ఒక అడుగు వేశాడు. ఎంతమందిని నరుకుతాడు? నరికితే బండి ఎవరు తోలతారు, దారి ఎవరు చూపుతారు?

“పిల్ల పోయినట్టుంది. పాపం, అమ్మవారు పోసిందని చెప్పిరి గదా” అన్నాడు గురవాజి. “చిన్న చెయ్యే గదా, చూపించప్పా.”

కుట్టు కదిలింది.

లోపలి నుంచి ఆర మొన ఒకటి వచ్చి, శరభసేనుడు వేసిన నాలుగు కుట్లనూ టప్పు టప్పుమని తెంపింది. తోలుకున్న పాత బెజ్జాలు సాగి సందు పెద్దదైంది. అందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. చుట్టూ గుడ్డ చుట్టి, సందు సూదంత కూడా మిగలకుండా బిగిసిపోయి, ముంజేతి దాకా వచ్చి వాలిపోయింది.

నల్లటి చెయ్యి. బొటనవేలికి ఆర మచ్చ.

ఆ చెయ్యి తెలియనివాళ్లు అక్కడ లేరు. అందరి తలల మీదా ఉన్న గూడు ఆ చెయ్యి కుట్టిందే. కుట్లు తెంపి ఆ చేతిని బయటికి తోసింది లోపలి పిల్లే అనుకున్నారంతా.

“అవ్వ” అన్నాడు కెంచన. మోకాళ్ల మీద కూలబడి ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

శరభసేనుడికి అప్పుడు తెలిసింది, ముసలిది ఏం చేసిందో. ఏడ్చేశాడు. అది దొంగ ఏడుపు కాదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు, ఒక్కడికి తప్ప.

గురవాజి గాడిద దిగాడు. పెట్టెలోంచి పళ్లెంలా గుంటపడ్డ కంచు అద్దం ఒకటి తీశాడు. “పెద్దా, కాకుల దెబ్బకు సొమ్మసిల్లి ఉంటే? బతికున్నామెకు దారం కడితే పాపం గదా. ఒక్కసారి చూస్తాను” అని, ఎవరూ అవుననేలోపే అద్దాన్ని పొద్దుకు పట్టాడు. ఎండంతా ఒక రేగుపండంత చుక్కై అవ్వ ముంజేతి మీద పడింది.

చెయ్యి కదలలేదు.

సన్నగా పొగ లేచింది. చర్మం కాలిన వాసన వచ్చింది. శరభసేనుడి గోళ్లు అరచేతుల్లో దిగిపోయాయి. ఒక్క వేలు వణికినా, ఒక్క నరం గుంజుకున్నా చెల్లెలు పోతుంది. అవ్వ ఆ మాట ఎరుగును. చెయ్యి చెట్టుకొమ్మలా అలాగే వేలాడింది. కాలినచోట నెమ్మదిగా తోలు ఉబ్బింది.

“సచ్చినోళ్లను కాలుస్తావేందిరా” అంటూ కెంచన ఒక్క దెబ్బతో అద్దాన్ని అంత దూరాన పడేలా కొట్టాడు. గురవాజి వంగి అద్దం ఏరుకొని, తుడుచుకొని, ఆ చేతినే చూస్తూ పక్కకు తప్పుకున్నాడు.

కెంచన అవ్వ మణికట్టుకు నల్లదారం కట్టాడు. “సుంకులవ్వ పేరు ఈ పొద్దుతో తీసేస్తి. ఆమె కూడు లేదు, ఆమె నీళ్లు లేవు” అని అందరూ వినేలా చెప్పాడు. ఆమె వంతు నీళ్లతిత్తి తెచ్చి చక్రం మీద వంపేశారు. ఉప్పునేల ఆ నీళ్లను క్షణంలో తాగేసింది. ఎండకు తన ఒళ్లు అడ్డం పెట్టి, చెయ్యి లోపలికి తోసి, శరభసేనుడు మళ్లీ కుట్టేశాడు. ఈసారి కుట్లు వంకరగా వచ్చాయి.

బిడారు కదిలింది. చావు బండి అన్నిటికీ వెనక నడవాలి కాబట్టి వాళ్ల పక్కన ఎవరూ లేరు. అతను కప్పుకు ఆనుకొని పిలిచాడు.

“అవ్వా.”

“మెల్లగా.”

“చెయ్యి…”

“చేతికేం, కొయ్య లాంటిది. పిల్ల మీద ఒక్క పొడ పడలే. అది చాలు. తప్పు నాది అబ్బీ. నీకు తెలీదని నాకు తోచలే. మాలో తెలీనోడు ఉండడు గదా. ఇప్పుడు నా మాట విను. పొద్దు కుంకినాక, చుక్క పొడవక ముందు నన్ను పూడుస్తారు. ఈ నేలను లోతుగా తవ్వలేరు. మోకాటిలోతు గుంటలో కూర్చోబెట్టి, పైన ఉప్పుపలకలు పేరుస్తారు. పలకల సందులో గాలి ఆడతాది. నేను రెండు ఘడియలు ఓర్చుకుంటా.”

“నేనుండగా నిన్ను పూడ్చనిస్తానా?”

“పూడ్చనియ్యాలి. లేకుంటే గూడు విప్పుతారు. బండిలో పోయినోళ్లను ఆ బండి పైతోలులోనే చుట్టి పంపాలని కట్టుబాటు. అంటే నీ జీనుతోలు నాతోపాటు గుంటలోకి వస్తాది. పొద్దు పొడిచేలోపు నన్నూ తియ్యల్ల, తోలునూ తియ్యల్ల. తోలు లేకుంటే రేపు పిల్ల నెత్తిన కన్నమే. తోలు నువ్వే కుడతావు, బండి పనోడివి గదా. ముఖం దగ్గర ఒక కుట్టు వదులు. అంతే నేను అడిగేది.”

లోపల కువలయ వెక్కుతున్న చప్పుడు వినబడింది. “ఏడవాకు బిడ్డా, ఏడిస్తే దాహమవుతాది. ఉండేది మీ ఇద్దరి నీళ్లే” అంది అవ్వ.

పొద్దు కుంకింది. తెల్లబయలు మొత్తం ఎర్రబడి, ఊదాబారి, బూడిదరంగులోకి దిగింది. కువలయకు ఇక భయం లేదు. శరభసేనుడు కప్పెక్కి జీనుతోలు కుట్లు విప్పాడు. ముద్ర లోపలికి మడిచి, కండవైపు పైకి చేసి కింద పరిచాడు. చావుతోలు అలాగే ఉండాలి గనక ముద్ర ఎవరి కంటా పడలేదు. అవ్వను బయటికి ఎత్తుకొచ్చాడు. బరువే లేదు. ముడుచుకొని, తల వాల్చి, అచ్చం శవంలా ఉంది. కాలిన ముంజేతిని పైట కింద దోపాడు.

కుట్టడం మొదలుపెట్టాడు. కాళ్ల దగ్గర, నడుము దగ్గర, భుజాల దగ్గర. పలుగులతో ఉప్పు తవ్వుతున్న చప్పుడు ఒకవైపు. పడమట ఇంకా చుక్క పొడవలేదు. ముఖం దాకా వచ్చాడు. ఒక్క కుట్టు వదిలి నార ముడివేయబోయాడు.

“ఆగు” అన్నాడు కెంచన. “ఆఖరి కుట్టు వేసే హక్కు బిడారు పెద్దది. నేనే వెయ్యల్ల. ఇట్లియ్యి.”

ఇది అవ్వ చెప్పలేదు. అందరికీ తెలిసిందే గదా, ఎందుకు చెబుతుంది?

శరభసేనుడు దబ్బనం వదల్లేదు. కెంచన అతని వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసి దబ్బనం తీసుకున్నాడు. అతని కళ్ల నుంచి నీళ్లు గడ్డంలోకి కారుతున్నాయి. “నాకు నడక నేర్పింది ఈమె. ఈ ఒక్క పని నన్ను చెయ్యనీ” అన్నాడు. అతని భుజం వెనక గురవాజి వచ్చి నిలబడ్డాడు.

కెంచన వంగాడు. ఎడమచేత్తో తోలు అంచులు రెండూ దగ్గరికి చేర్చి, దబ్బనం దించబోయాడు.

వేళ్లకు వెచ్చగా తగిలింది.

ఆగాడు. మళ్లీ తగిలింది. సన్నగా, ఆముదం వాసనతో, వెచ్చగా ఊపిరి. కెంచన తల ఎత్తలేదు. శరభసేనుడి వైపు చూడలేదు. యాభై మంది వెనక నిలబడి ఉన్నారు, ఆరేళ్లుగా తాను కాపాడిన కట్టుబాటు నెత్తిన ఉంది, భుజం మీద గురవాజి తల ఉంది. అతని మెడ నరాలు తాళ్లలా లేచాయి.

తన వీపును గురవాజికి అడ్డం పెట్టి, దబ్బనాన్ని తోలులోకి దించలేదు. తోలు పక్కనుంచి గాలిలోకి దించాడు. నార లాగాడు. మళ్లీ గాలిలోకి దించాడు. మళ్లీ లాగాడు. బిగించినట్టు చెయ్యి గట్టిగా విదిలించాడు.

“అయిపోయింది. దింపండి” అన్నాడు.

మోకాటిలోతు గుంటలో అవ్వను కూర్చోబెట్టారు. ఉప్పుపలకలు ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఆఖరి పలక పడింది. జనం వెనక్కి తిరిగి చూడకుండా తమ బండ్ల వైపు వెళ్లిపోయారు. తిరిగి చూడకూడదు, అదీ కట్టుబాటే. కెంచన వెళుతూ వెళుతూ తన నీళ్లతిత్తిని ఏమీ ఎరగనట్టు సుంకులవ్వ బండి చక్రం పక్కన జారవిడిచిపోయాడు.

రెండు ఘడియలు. శరభసేనుడు మనసులోనే లెక్క మొదలుపెట్టాడు. జనం పొయ్యిల దగ్గరికి చేరగానే పలకలు తీయాలి, అవ్వను లేపాలి, తోలును మళ్లీ కప్పు మీద కుట్టాలి.

గురవాజి మాత్రం వెళ్లలేదు.

గాడిద మీది నుంచి అద్దాల పెట్టెను దింపాడు. ఇద్దరు మోసే బరువు. దాన్ని ఈడ్చుకొచ్చి, సరిగ్గా పలకల నడిమధ్యన, సందులన్నీ మూసుకుపోయేలా పెట్టాడు. దాని మీద కూర్చున్నాడు. నవ్వుతూ శరభసేనుడిని దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

“ఈరప్పా, నువ్వు తోలుపని ఎరిగినోడివి. నాకొక సందేహం” అన్నాడు మెల్లగా. “సచ్చిన చేతికి బొబ్బ లేస్తుందా?”

పెట్టె కింద ఎక్కడో, ఉప్పు రాలిన చిన్న చప్పుడు అయింది.

“నువ్వు పోయి పడుకో” అన్నాడు గురవాజి, కాళ్లు చాపుకుంటూ. “పొద్దు పొడిచేదాకా నేను ఇక్కడే కూర్చుంటా.”